షోలాపూర్ తెలుగు పిల్లల చదువు గురించి రెండు తెలుగు రాష్ట్రాల పెద్దలకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖల, భాషా సాంస్కృతిక శాఖల బాధ్యులకు,
తెలుగు మహాసభలు నడిపించే పెద్దలకు,

నమస్కారం.

నేను మహారాష్ట్రలోని షోలాపూర్‌లో ఒక మరాఠీ మీడియం ప్రాథమిక పాఠశాలలో టీచరును. మా తాత కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చారు. నేను ఇక్కడే పుట్టాను, ఊరంతా పూర్వభాగ్ అని పిలిచే తూర్పు పేటల్లో. నాలుగో తరగతి దాకా తెలుగు బడిలో చదివి, ఆ తర్వాత మరాఠీలోకి మారాను. ఇప్పుడు నా క్లాసులో కూర్చునే పిల్లల్లో సగానికి పైగా తెలుగు ఇళ్ళవాళ్ళే. వాళ్ళలో తన పేరు తెలుగులో రాయగలిగిన పిల్ల కనబడటం అరుదు.

దీని గురించి మా పేటవాళ్ళం అర్జీలు రాశాం, సంతకాలు తీసుకుని పంపాం. ఒక కార్యాలయంవాళ్ళు "ఇది వేరే రాష్ట్రం విషయం, మా చేతుల్లో లేదు" అన్నారు. ఇక్కడ అడిగితే "మీ భాష సంగతి మీ రాష్ట్రంవాళ్ళు చూసుకోవాలి" అన్నారు. రెండుచోట్లా మర్యాదకు లోటు చేయలేదు, కూర్చోబెట్టి టీ ఇచ్చారు. పని మాత్రం కాలేదు. మా రాష్ట్రం ఏదో మాకే తెలియని పరిస్థితి వచ్చింది కాబట్టి ఈ ఉత్తరాన్ని నలుగురి ముందూ పెడుతున్నాను.

ముందు మేం ఎవరమో చెప్పాలి. ప్రవాస తెలుగువాళ్ళంటే డల్లాస్, న్యూజెర్సీ గుర్తొచ్చేవాళ్ళకు మా పేటలు తెలియకపోవచ్చు.

షోలాపూర్ చద్దర్‌కూ టెర్రీ టవల్‌కూ జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకు అని చెప్పే ప్రభుత్వ గుర్తింపు, ఉంది. ఆ సరుకు నేసిన చేతుల్లో చాలా భాగం తెలుగు పద్మశాలీలవి. అప్పట్లో షోలాపూర్ బొంబాయి ప్రెసిడెన్సీలో, నిజాం రాజ్యం సరిహద్దును ఆనుకుని ఉండేది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇక్కడ నూలు మిల్లులు వచ్చాయి. ఇప్పటి తెలంగాణ పల్లెల్లో మగ్గం మీద బతుకు వెళ్ళక కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపుల నుంచి జనం ఇటు నడిచారు. ఇలాంటి వలసలే భీవండీకీ బొంబాయికీ కూడా సాగాయి. బొంబాయిలో కామాఠీపురా అన్న పేరే అక్కడికి కూలికి వెళ్ళిన మనవాళ్ళ వల్ల వచ్చింది. మిల్లులు మూతపడ్డాక మరమగ్గాలు వచ్చాయి. మగవాళ్ళు మగ్గాల మీదికి వెళ్ళారు, ఆడవాళ్ళు బీడీలు చుట్టారు.

మేం నోరులేనివాళ్ళం కూడా కాదు. ఈ ఊరి నుంచి కూచన్ గంగాధర్, వల్యాల లింగరాజ్ పార్లమెంటుకు వెళ్ళారు. ఆడం నర్సయ్య మూడుసార్లు ఎమ్మెల్యే అయ్యారు. ఆయన నాయకత్వంలో బీడీ కార్మిక స్త్రీలు పోరాడి, కుంభారి దగ్గర కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేరు మీద 10,000 ఇళ్ళ కాలనీ కట్టించుకున్నారు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ఆ ఇళ్ళు అప్పగించారు. ఆ తర్వాత 30,000 ఇళ్ళతో రాయ్‌నగర్ మొదలైంది. అందులో 15,000 ఇళ్ళు 2024 జనవరిలో ప్రధాని మోదీ చేతుల మీదుగా కార్మికులకు అందాయి. ఇల్లు అడిగి తెచ్చుకున్నాం, కూలి అడిగి తెచ్చుకున్నాం. భాష గురించి మాత్రం ఎవరినీ గట్టిగా అడగలేదు. ఇంట్లో ఉన్నదే కదా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాం.

అది ఎలా పోతోందో మీరు తెలుసుకోవాలి. సభల్లో చెప్పే కారణం, మా ఊళ్ళో జరిగింది ఒకటి కాదు.

సభల్లో ఎప్పుడూ వినే మాట ఒకటుంది: తల్లులు ఇంగ్లీషు మోజులో పడి పిల్లలతో తెలుగు మాట్లాడటం లేదు, అమ్మ భాష అమ్మే చంపుతోంది అని. మా పేటల్లో సంగతి వేరు. ఇక్కడ తెలుగును ఇన్నాళ్ళు బతికించింది బీడీలు చుట్టే ఆడవాళ్ళు. పొద్దున్నే కార్ఖానాకు వెళ్ళి ఆకు, తంబాకు, దారం తెచ్చుకునేవాళ్ళు. ఆకు తడిపి, కత్తిరించి, నలుగురైదుగురు ఒకే అరుగు మీద చేరి సాయంత్రం దాకా చుట్టేవాళ్ళు. చేతులకు పని, నోటికి ఖాళీ. ఆ అరుగు మీద ఊరి కబుర్లు, కోడళ్ళ మీద చాడీలు, సామెతలు, పొడుపు కథలు, బతుకమ్మ పాటలు, చనిపోయినవాళ్ళ గురించి ఏడుపులు అన్నీ తెలుగులోనే నడిచేవి. నాలాంటి ఆడపిల్లలం బడి నుంచి వచ్చి వాళ్ళ పక్కన కూర్చుని బీడీల మూతులు మడుస్తూ ఆ తెలుగు విన్నాం. మా అవ్వకు ఏ లిపీ రాదు. కానీ నాకు తెలుగు వచ్చిందంటే అది బడి చలవ సగమే.

ఆ బీడీ పని మంచిది కాదు. నడుము పోతుంది, దగ్గు వస్తుంది, వెయ్యి బీడీలకు ఇచ్చే కూలితో ఇల్లు గడవదు. కాబట్టి మా తరం ఆడవాళ్ళు ఒట్టు పెట్టుకున్నట్టు కూతుళ్ళను ఆ పనికి దూరంగా పెంచారు. మా ఆడపిల్లలు ఇప్పుడు నర్సింగ్ చదువుతున్నారు, బట్టల దుకాణాల్లో లెక్కలు రాస్తున్నారు, పుణె వెళ్ళి కంపెనీల్లో చేరుతున్నారు. ఇది జరగాల్సిందే, ఇంకా ముందే జరగాల్సింది. కానీ వాళ్ళు అరుగు దిగడంతో తెలుగు మాట్లాడుకునే చోటు కూడా పోయింది. దాని బదులు ఇంకో చోటు ఎవరూ ఏర్పాటు చేయలేదు. బడిలో మరాఠీ, పనిలో మరాఠీ హిందీ, ఫోన్‌లో హిందీ ఇంగ్లీషు. తెలుగు మిగిలింది రాత్రి అన్నం తినేటప్పుడు, అదీ పెద్దవాళ్ళు అడిగితే.

ఇప్పుడు ఒకే ఇంట్లో నాలుగు తరాలను వరసగా కూర్చోబెడితే తేడా కనబడుతుంది. బాపమ్మ తెలుగే మాట్లాడుతుంది, మరాఠీ బజారు వరకే. కొడుకు రెండూ మాట్లాడతాడు, చదవగలిగేది మరాఠీ. మనవడు తెలుగు వింటాడు, మరాఠీలో జవాబు చెబుతాడు. వాడి నోటి తెలుగు ఇలా ఉంటుంది: "శాళకు సుట్టి ఉంది, అభ్యాస్ రాత్రి చేస్త" (బడికి సెలవు, చదువు రాత్రి చేస్తా అని). మునిమనవరాలికి ఆ మాత్రం కూడా రాదు. పద్మశాలీల కులకథ చెప్పే కూనపులివాళ్ళు వచ్చి పటం విప్పి మార్కండేయుడి కథ మొదలుపెడితే, నా క్లాసులోని పిల్లలు బొమ్మలు చూసి సంతోషిస్తారు గానీ కథ వాళ్ళకు అందదు. శ్రావణ పౌర్ణమికి ఇక్కడ మార్కండేయ రథం ఘనంగా తీస్తారు. బతుకమ్మ కూడా పేటపేటకూ ఆడతారు. కాకపోతే పాడేది స్పీకరు, పిల్లలు చప్పట్లు కొడతారు. (2017 నుంచి కొన్నేళ్ళు తెలంగాణ ప్రభుత్వం సిరిసిల్ల మగ్గాలకు బతుకమ్మ చీరల పని ఇచ్చింది, మంచిదే. ఆ సిరిసిల్లవాళ్ళ అక్కచెల్లెళ్ళే ఇక్కడా బతుకమ్మ ఆడుతున్నారన్న సంగతి కూడా అప్పుడప్పుడు తలచుకుంటే బాగుండేది. చీర అడగడం లేదు.)

పెళ్ళి పత్రికల విషయం కూడా చెప్పాలి. మా పెద్దవాళ్ళ పెళ్ళి పత్రికలు పూర్తిగా తెలుగులో అచ్చయ్యేవి. ఇప్పుడు పైన "శ్రీరస్తు, శుభమస్తు" తెలుగులో, కింద అంతా మరాఠీలో. అచ్చు వేసే అబ్బాయికి ఆ పై వరస చదవడం రాదు, పాత ఫైలు నుంచి తెచ్చి అతికిస్తాడు.

దీని వల్ల మామూలు కుటుంబాలకు జరుగుతున్న నష్టం ఇది. సంస్కృతి, వారసత్వం లాంటి పెద్ద మాటలు పక్కన పెట్టి, డబ్బు, ఆరోగ్యం, కాగితాల సంగతే చెబుతాను.

1. ఆస్పత్రి. బీడీలు చుట్టిన ఆడవాళ్ళకు వయసు మీద పడ్డాక దగ్గు, నడుము నొప్పి, కళ్ళు మసకబారడం మామూలు. డాక్టరు మరాఠీలో అడుగుతాడు. కూరగాయలు బేరమాడే మరాఠీ ఆవిడకు వస్తుంది, ఒంట్లో బాధ చెప్పుకునే మరాఠీ రాదు. వెంట వచ్చేది మనవడో మనవరాలో. వాళ్ళకు వంటింటి తెలుగు తెలుసు గానీ ఒంటి బాధల తెలుగు తెలియదు. గర్భసంచి సమస్య ఉన్న ఒక పెద్దావిడ పద్నాలుగేళ్ళ మనవడి చేత డాక్టరుకు చెప్పించుకోలేక "నడుము నొప్పి" అని చెప్పి మాత్రలు తీసుకుని ఇంటికి వచ్చేసింది. ఇలాంటివి మా పేటల్లో ఆడవాళ్ళను అడిగితే ఒకటి కాదు, ఎన్నో చెబుతారు. తెలుగు తెలిసిన నర్సు ఉంటే చాలా మేలు. కానీ నర్సింగ్ చదివిన మా పిల్లలే ఆ తెలుగు పోగొట్టుకుంటున్నారు.

2. భూమి, ఇల్లు. చాలా కుటుంబాలకు ఊళ్ళో తాత పేరు మీద కుంటలో, ఎకరమో, పాత ఇంటి జాగానో ఉంది. తెలంగాణలో భూమి రికార్డులకు ముందు ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. ప్రతిసారీ పేర్లు సరిచూసుకోమన్నారు, దరఖాస్తులు పెట్టుకోమన్నారు. నోటీసు తెలుగులో వస్తే ఇంట్లో చదివేవాళ్ళు లేరు. మధ్యవర్తికి డబ్బిస్తారు. వాడు ఏం చదివాడో, ఎక్కడ సంతకం పెట్టించుకున్నాడో వీళ్ళకు తెలియదు. ఆ టెన్షన్ భరించలేక ఎంతో కొంతకు అమ్మేసి వచ్చినవాళ్ళు ఉన్నారు. దాయాదులు రాయించుకున్నాక తెలిసినవాళ్ళూ ఉన్నారు.

3. తిరిగి వెళ్ళేవాళ్ళు. మరమగ్గాలు నష్టాల్లో పడ్డప్పుడల్లా కొన్ని కుటుంబాలు సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ తిరిగి వెళుతుంటాయి. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం బడుల్లో తెలుగు తప్పనిసరి. ఆరో తరగతిలో చేరిన షోలాపూర్ పిల్లవాడికి లెక్కలు బాగా వచ్చు, తెలుగు చదవడం రాదు. క్లాసులో వాడి యాసకు నవ్వుతారు, పరీక్షలో తెలుగు తప్పుతాడు. అంతకుముందు ఇక్కడి బడిలో వాడు "తెలుగోడు", అక్కడికి వెళ్ళాక "మరాఠోడు". ఇక ఏడో తరగతిలోపు నాలుగేళ్ళయినా అక్కడ చదివి ఉండకపోతే ఉద్యోగాల్లో లోకల్ కాడు. ఆ నిబంధన మార్చమని ఈ ఉత్తరంలో అడగడం లేదు, అది వేరే చర్చ. చదువుకు అడ్డం పడే భాగం వరకైనా సరిచేయవచ్చు.

4. పేర్లు. మహారాష్ట్రలో ముందు మనిషి పేరు, తర్వాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు రాస్తారు. మన దగ్గర ఇంటిపేరు ముందు. ఒకే మనిషికి ఇక్కడి ఆధార్‌లో ఒకలా, అక్కడి పట్టా కాగితంలో ఒకలా ఉంటుంది. పైగా ఇంటిపేర్లు మరాఠీ నోటికి తగ్గట్టు మారిపోయాయి, ఇంగ్లీషు స్పెల్లింగులో ఇంకా మారాయి. అన్నదమ్ముల పిల్లలకు రెండు రకాల ఇంటిపేర్లున్న ఇళ్ళు నాకు తెలుసు. వారసత్వం రుజువు చేసుకోవడానికి అఫిడవిట్ల మీద అఫిడవిట్లు.

5. సంబంధాలు. ఇప్పటికీ చాలామంది కొడుకులకు కరీంనగర్, సిరిసిల్ల వైపు నుంచే పిల్లను తెస్తారు. నిజం చెప్పాలంటే ఇళ్ళలో తెలుగు అంతో ఇంతో నిలబడటానికి ఆ కోడళ్ళే కారణం. కానీ వచ్చిన అమ్మాయికి ఇక్కడ పలకరించే మనిషి తగ్గిపోతున్నారు. భర్తతో తెలుగు, ఆడపడుచుతో సైగలు, పిల్లలు బడికెళ్ళాక పిల్లలతో కూడా మరాఠీ.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. 1956లో ఏడో సవరణతో వచ్చింది. భాషాపరంగా మైనారిటీలైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం ప్రతి రాష్ట్రమూ కల్పించాలని అది చెబుతుంది. అంతకు ముందే, 1949లో, రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క పెట్టింది: క్లాసులో 10 మంది గానీ, బడిలో 40 మంది గానీ ఆ భాష పిల్లలు ఉంటే బోధన ఏర్పాటు చేయాలి. నా ఒక్క క్లాసులోనే ఆ పదిమంది ఎప్పుడో దాటారు. 2011 జనాభా లెక్కల్లో మహారాష్ట్రలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు 13 లక్షలకు పైగా ఉన్నారు. అదే లెక్కల్లో దేశం మొత్తం మీద తెలుగు మూడో స్థానం నుంచి నాలుగుకు దిగింది, మరాఠీ మూడో స్థానానికి వచ్చింది. అప్పుడు హైదరాబాదులో, విజయవాడలో అయ్యో అన్నవాళ్ళు చాలామంది. జనాభా లెక్కలవాళ్ళు వచ్చి "మీ మాతృభాష ఏది" అని అడిగినప్పుడు మా పిల్లలు రేపు ఏం చెబుతారో ఆలోచించినవాళ్ళు నాకు కనబడలేదు.

మహారాష్ట్ర ప్రభుత్వాన్ని నిందించడానికి ఇది రాయడం లేదు. ఇక్కడి పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి తెలుగులో కూడా పుస్తకాలు వేస్తుంది. ముంబై నగరపాలక సంస్థ ఎనిమిది భాషల్లో బడులు నడుపుతుంది, వాటిలో తెలుగు ఒకటి. 2020లో ఇక్కడ అన్ని బడుల్లో మరాఠీ తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. అది సబబే, తెలంగాణ 2018లో చేసింది కూడా అదే. మరాఠీ నాకు అన్నం పెట్టిన భాష, నేను ప్రేమించి చెప్పే భాష. 2025లో ఒకటో తరగతి నుంచి హిందీ మూడో భాషగా పెట్టే ఉత్తర్వు మీద ఇక్కడ పెద్ద గొడవ జరిగి, చివరికి ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ గొడవంతా మరాఠీ, హిందీ, ఇంగ్లీషుల గురించే. మా ఇళ్ళలో ఉన్న భాష ఎన్నోదో ఎవరూ లెక్క పెట్టలేదు. మా తరఫున మాట్లాడాల్సింది మీరు అని మాకు అప్పుడే అనిపించింది.

ఇంకో మాట. మూతపడ్డ తెలుగు మీడియం బడులన్నీ మళ్ళీ తెరవండి అని అడిగే మిత్రులు మా ఊళ్ళో ఉన్నారు. వాళ్ళ మీద గౌరవం ఉంది కానీ నేను ఆ మాట అనను. తెలుగు మీడియంలో చదివితే ఇక్కడ కాలేజీలో, ఉద్యోగంలో వెనకబడతామని తల్లిదండ్రులు భయపడుతున్నారు, ఆ భయం ఉత్తది కాదు. బడి తెరిచినా పిల్లలు రారు. రానప్పుడు "చూశారా, అవసరం లేదు" అని మళ్ళీ మూస్తారు. మాకు కావలసింది మరాఠీ, ఇంగ్లీషు చదువుతోపాటు రోజుకు ఒక పీరియడో, వారానికి రెండు పూటలో తెలుగు. అందుకే మా కోర్కెలు చిన్నవి. పెద్దవి కోరి లేదనిపించుకోవడం కంటే ఇదే నయమని మా పేటవాళ్ళం తేల్చుకున్నాం.

మేం అడుగుతున్నవి:

1. పుస్తకాలు. సీబీఎస్‌ఈ లాంటి బోర్డుల్లో చదివే, తెలుగు ఇంటి భాష కాని పిల్లల కోసం తెలంగాణ ప్రభుత్వం సరళమైన తెలుగు వాచకం తయారుచేసింది. అది మాకూ పంపండి. ఉచితంగా ఇవ్వలేకపోతే అచ్చు ఖర్చుకు ఇవ్వండి.

2. మరాఠీ చదవడం వచ్చిన పిల్లల కోసం ఒక వాచకం. ఇది నేను టీచరుగా అడుగుతున్నాను. నా పిల్లలకు క ఖ గ ఘ వరస ముందే తెలుసు, గుణింతం తెలుసు, ళ కూడా మరాఠీలో ఉంది. వాళ్ళకు కొత్తవి ఎ, ఒ అనే పొట్టి అచ్చులు, అక్షరం కింద వచ్చే వత్తులు, కొన్ని దగ్గర పోలికల అక్షరాలు. అమెరికా పిల్లవాడికి రాసిన పుస్తకంతో వీళ్ళకు అ ఆ నుంచి మొదలుపెడితే విసుగొస్తుంది. దేవనాగరి పక్కన తెలుగు పెట్టి, మగ్గం, రథం, సంత, రొట్టె లాంటి వీళ్ళ ఊరి మాటలతో అరవై పేజీల పుస్తకం చాలు. అనుభవం ఉన్న ఇద్దరు ముగ్గురు టీచర్లను మేమే ఇస్తాం. అచ్చు, బొమ్మలు మీవి.

3. పరీక్ష, సర్టిఫికెట్. అమెరికాలో తెలుగు నేర్పే సిలికానాంధ్ర మనబడి పిల్లలకు 1985లో పుట్టిన మన తెలుగు విశ్వవిద్యాలయం పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇచ్చింది. చాలా మంచి పని, ఆ తల్లిదండ్రుల కష్టానికి నమస్కారం. అదే పరీక్షకు షోలాపూర్‌లో, భీవండీలో, ముంబైలో కేంద్రాలు పెట్టండి. ఫీజు బీడీ కూలి మీద బతికే ఇంటికి అందేలా ఉండాలి. ఆ సర్టిఫికెట్ ఉన్న పిల్లవాడు తెలంగాణ బడిలో చేరితే తెలుగు విషయంలో కొంత వెసులుబాటు ఇవ్వండి.

4. చెప్పేవాళ్ళు. పన్నెండో తరగతి, డిగ్రీ చదివి, తెలుగు వచ్చిన ఆడపిల్లలు మా పేటల్లో ఇంకా ఉన్నారు. వేసవిలో వాళ్ళకు శిక్షణ ఇప్పించి, నెలకు కొంత గౌరవ వేతనం ఇవ్వండి. స్థలం గురించి బెంగ వద్దు, కుల సంఘం హాలు ఉంది.

5. మహారాష్ట్రతో మాట్లాడండి. తెలుగు పిల్లలు ఎక్కువగా ఉన్న మరాఠీ బడుల్లో తెలుగును ఐచ్ఛిక విషయంగా పెట్టమని మీరు అధికారికంగా ఉత్తరం రాయాలి. మేం రాస్తే అర్జీ అవుతుంది, మీరు రాస్తే ఫైలు కదులుతుంది. ఇది కొత్త పద్ధతి ఏమీ కాదు. మీ దగ్గర ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడియా కుటుంబాల పిల్లల కోసం పనిచోటే బడులు పెట్టి, ఒడిశా నుంచి పుస్తకాలు, చెప్పేవాళ్ళను రప్పించిన అనుభవం మీకే ఉంది. అక్కడ ఒడిశా చేసింది ఇక్కడ మీరు చేయండి. బదులుగా ఆదిలాబాద్ వైపున్న మరాఠీ పిల్లల చదువు గురించి మహారాష్ట్ర ఏదైనా అడిగితే అదీ మనస్ఫూర్తిగా చేయండి.

6. కాగితాలు. భూమి నోటీసులు, దరఖాస్తు ఫారాలు ఇతర రాష్ట్రాల్లో ఉండే హక్కుదారులకు పంపేటప్పుడు హిందీలోనో ఇంగ్లీషులోనో ఒక ప్రతి జతచేయండి. పేరు వరస, ఇంటిపేరు స్పెల్లింగు తేడాలకు ఒకే ఒక్క ధ్రువీకరణ సరిపోయేలా ఉత్తర్వు ఇవ్వండి.

7. ఒక మనిషి. ఇతర రాష్ట్రాల తెలుగువాళ్ళ సంగతి చూసే ఒక అధికారి, ఒక ఫోన్ నంబరు, జవాబివ్వాల్సిన గడువు. విదేశాల్లోని తెలుగువాళ్ళ కోసం మీకు విభాగాలున్నాయి. రైల్లో రాత్రి ఎక్కితే తెల్లారేసరికి చేరే ఊరివాళ్ళ కోసం ఏదీ లేదు.

మహాసభల పెద్దలకు విడిగా ఒక మనవి. 2017 డిసెంబరులో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. అంతకుముందు తిరుపతిలో, ఇంకా ముందు కౌలాలంపూర్‌లో, మారిషస్‌లో జరిగాయి. మారిషస్ తెలుగువాళ్ళు తరాల తర్వాత కూడా భాషను బడిలో నిలబెట్టుకున్నారని ఆ వేదికల మీద మెచ్చుకున్నారు. అది వాళ్ళ ఘనతే, దాని వెనక అక్కడి ప్రభుత్వ బడుల్లో తెలుగు నేర్పే ఏర్పాటు కూడా ఉంది. మమ్మల్ని శాలువా కప్పడానికి పిలవక్కర్లేదు. ఈసారి సభ పెట్టినప్పుడు ఒక పూట వలస కార్మికుల పిల్లల చదువుకు కేటాయించి, షోలాపూర్, భీవండీ, సూరత్, ఖరగ్‌పూర్ నుంచి టీచర్లను, బీడీ కార్మికులను, మగ్గం కార్మికులను కూర్చోబెట్టి వాళ్ళు చెప్పేది వినండి. మాట్లాడేవాళ్ళ తెలుగులో మరాఠీ, హిందీ, బెంగాలీ కలుస్తుంది. దానికి నవ్వకుండా ఉంటే చాలు.

మా జిల్లాలో బడులు జూన్ మధ్యలో తెరుస్తారు. వేసవి సెలవుల్లో తెలుగు క్లాసులు మొదలుపెట్టాలని మా పేట నిర్ణయించుకుంది. హాలు మాట్లాడుకున్నాం, చెప్పడానికి ముందుకొచ్చిన ఆడపిల్లల పేర్లు రాసుకున్నాం, తమ పిల్లలను పంపుతామన్న తల్లుల సంతకాల జాబితా ఈ లేఖకు జతచేసి మీ కార్యాలయాలకు పంపుతున్నాం. మొదటి నాలుగు కోర్కెల మీద మీ జవాబు ఏప్రిల్ నెలాఖరులోగా కావాలి. పుస్తకాలు రాకపోతే బోర్డు మీద రాసుకుని మొదలుపెడతాం. కానీ పరీక్ష, సర్టిఫికెట్, పక్క ప్రభుత్వంతో మాట్లాడటం మాత్రం మా వల్ల అయ్యే పనులు కావు. అవి మీరే చేయాలి.

ఇట్లు,
షోలాపూర్ పూర్వభాగ్ నుంచి ఒక ప్రాథమిక పాఠశాల టీచరు,
పేట తల్లుల తరఫున